దెబ్బకు ముందే కారిన నీళ్లు

గాయాల సర్టిఫికెట్‌లో మూడో లైను ఎవరూ చదవరు. మొదటి లైనులో ఎవరు కొట్టారని చెప్పారో ఉంటుంది, పార్టీవాళ్లకు అది చాలు. రెండో లైనులో దెబ్బ ఎక్కడ, ఎన్ని అంగుళాలు అని ఉంటుంది, పోలీసులకు అది చాలు. కమిలిన చోటు ఏ రంగులో ఉందన్నది మూడో లైనులో రాస్తారు. ఇరవై ఎనిమిదేళ్లు మిషన్ ఆస్పత్రి ఆపరేషన్ థియేటర్లో నర్సుగా చేసి రిటైరై, ప్రొద్దుటూరు లాయర్లకు ఇలాంటి కాగితాలు చదివిపెడుతూ, అవసరమైతే ఊళ్లు తిరిగి నిజం తవ్వే ఎలిజబెత్ అనే నేను ముందు చూసేది దాన్నే. కోర్టు ముందు టీకొట్టువాళ్లు నాకు డిటెక్టివ్ సిస్టరని పేరు పెట్టారు. పెట్టనీ, పేరు పెట్టినంత మాత్రాన టీ ఊరికే ఏమీ ఇవ్వడం లేదు.

1998 ఏప్రిల్ 30, గురువారం, ఉదయం ఏడున్నర. నా బల్ల మీద రెండు కాగితాలు, బల్లకు అవతల చిన్నసుబ్బమ్మ. ఆమె భర్త కుళ్లాయప్ప నల్లవంకపల్లెలో గొర్రెలు కాసుకునే మనిషి. అదే ఊరి దాసయ్యను కర్రతో కొట్టి చంపాడన్న కేసులో వారం నుంచి సబ్‌జైల్లో ఉన్నాడు.

"ఒక్కటే దెబ్బమ్మా," అంది చిన్నసుబ్బమ్మ. "అదీ బుజమ్మీద. ఆయప్ప అబద్దం చెప్పల్లంటే ముందు నన్నడగల్ల. అంత తెలివి యాడుండాది ఆయప్పకు?"

"ఏ చేత్తో కొట్టినాడు?"

"ఎడం చేత్తో. కూడు తినేదొక్కటే కుడి చేత్తో."

నల్లవంకపల్లెలో రెండు పార్టీలు. ఒకదానికి బండల ఫ్యాక్టరీ చెన్నకేశవ పెద్ద. రెండోదాని పెద్ద ఎవరైనా ఈ కేసుకు అవసరం లేదు. కుళ్లాయప్ప వీధి మొత్తం ఆ రెండోవాడికి ఓటేసింది కాబట్టి కుళ్లాయప్ప అతని మనిషే, కుళ్లాయప్ప గొర్రెలు కూడా అతని గొర్రెలే. ఫ్యాక్షన్ ఊళ్లో లెక్క అంతే.

ఏప్రిల్ 8న చెన్నకేశవ మనుషులు అవతలి పార్టీవాళ్లను ఇద్దరిని చితకబాదారు. కేసులో ఐదుగురి పేర్లున్నాయి, వాళ్లలో అన్నదమ్ములు పాలయ్య, దాసయ్య కూడా ఉన్నారు. 14వ తేదీ మంగళవారం పగలు పదకొండుంబావుకు ముద్దనూరు బస్టాండులో కుళ్లాయప్ప, దాసయ్య ఎదురుపడ్డారు. మాట పెరిగింది, కర్ర లేచింది. పన్నెండూ పదికి దాసయ్య ఆస్పత్రిలో ఉన్నాడు, మందులు రాసి పంపించారు. 20న జ్వరం వచ్చింది. 22న స్పృహ తప్పింది. 23న చనిపోయాడు.

రెండో కాగితం పోస్టుమార్టం రిపోర్టు. ముక్కు పైకప్పుగా ఉండే పల్చటి ఎముకలో వెంట్రుకంత చీలిక, మెదడు మీది పొరల నిండా చీము. తలకు దెబ్బ తగిలి, దాని మూలంగా మెనింజైటిస్ వచ్చి మరణం. దెబ్బ ఎవరిదన్న ప్రశ్నకు పోలీసుల దగ్గర జవాబు సిద్ధంగానే ఉంది కాబట్టి సెక్షన్ మూడు వందల రెండుకు మారింది.

ఇక మూడో లైను. దాసయ్యను చూసిన డాక్టరు కుడి భుజం మీద ఎర్రటి వాత ఉందని రాశాడు, తల మీద పైకి గాయం లేదని రాశాడు, ఆ తర్వాత ఇలా రాశాడు: రెండు కళ్ల చుట్టూ పసుపుపచ్చకు తిరిగిన కమిలిన మచ్చలు.

కమిలిన చోటు మొదట ఎర్రగా, తర్వాత నల్లగా ఉంటుంది. పచ్చబారాలంటే రోజులు పట్టాలి. పదకొండుంబావు నుంచి పన్నెండూ పదికి యాభై అయిదు నిమిషాలు. పుల్లమామిడికాయను వరిగడ్డిలో పెట్టినా యాభై అయిదు నిమిషాల్లో పండదు.

"చిన్నసుబ్బమ్మా, నీ మొగుడు కర్ర ఎత్తకముందే దాసయ్య తల పగిలింది."

"ఎవురు పగలగొట్నారు?"

"సోమవారం బెయిల్ పిటిషను వస్తాది. ఆలోగా అది తెలియల్ల."

"తెలీకపోతే బెయిలొచ్చినా ఒగటే, రాకపోయినా ఒగటే," అంది. "బయట కాలుపెడితే తలకు తల తీస్తామని రచ్చకట్టకాడ అంటాండారు. లోపలే ఉంటే ఉరి. మీరు చదివిన కాగితం వాళ్లకు చదివి చెప్పేదెవురమ్మా?"

సంచీ తీసుకుని జమ్మలమడుగు బస్సెక్కాను.

దాసయ్య భార్య వరమ్మ జమ్మలమడుగులో పుట్టింట్లో ఉంది. తొమ్మిదింటికి నేను వెళ్లేసరికి పాలయ్య కూడా అక్కడే ఉన్నాడు. చచ్చినవాడికి స్వయానా అన్న, కేసులో ఫిర్యాదీ, మొదటి సాక్షి. నుదుటికి గుడ్డ కట్టుకుని, తల మీద తువ్వాల కప్పుకుని, వాకిలి వెలుగుకు వీపు పెట్టి గోడవైపు కూర్చున్నాడు. తమ్ముణ్ణి మట్టిచేసిన రోజు తల బాదుకున్నాడని వరమ్మ మెల్లగా చెప్పింది.

"పాలయ్యా, నేను కుళ్లాయప్ప తరఫున వచ్చినా. దాచేది లేదు. ఇష్టమైతే చెప్పు. ఆ పొద్దు ఏం చూసినావు?"

"పద్నాలుగో తేదీ మంగళవారం పగలు పదకొండుంబావు గంటలకు సదరు కుళ్లాయప్ప తన చేతికర్రతో నా తమ్ముడైన దాసయ్య నుదుటిపై బలంగా మోదినాడు."

సదరు, మోదినాడు. ఈ మాటలు నల్లవంకపల్లెలో పుట్టినవి కావు. సండే స్కూల్లో కంఠతవాక్యం అప్పజెప్పినట్టు చెప్పాడు. వీటిని నేర్పిన పంతులెవరో నాకు తెలుసు. హుమాయున్. పోలీసు స్టేషన్‌లో కాగితాలు రాసే రైటరుగా పనిచేసి రిటైరై ఇప్పుడు చెన్నకేశవ కేసులకు సాక్షులను తయారుచేస్తున్నాడు. నేను కాగితం చదివితే అతను కాగితం పుట్టిస్తాడు.

"ఏ చేత్తో మోదినాడు?"

"కుడి చేత్తో."

"కుళ్లాయప్పది ఎడమచేతి వాటం. మీ తమ్మునికి వాత పడింది కుడి బుజమ్మీద. ఎదురుగా నిలబడి ఎడమచేత్తో కొడితే ఆడే పడతాది. నుదురు యాడ, బుజం యాడ?"

పాలయ్య తల వంచుకుని తువ్వాల కొసతో ముక్కు తుడుచుకున్నాడు. మళ్లీ తుడుచుకున్నాడు. నాకూ ఒక తమ్ముడుండేవాడు, పోయాడు. చూడలేక ముఖం తిప్పుకున్నాను. తొమ్మిదీ నలభై బస్సుకు ఫ్యాక్టరీలో డ్యూటీ ఉందని అతను లేచి వెళ్లిపోయాడు. గడప దాటేటప్పుడు ఎండకు కళ్లు చిట్లించి, గోడ పట్టుకుని దిగాడు.

వరమ్మను నేను దెబ్బ గురించి అడగలేదు. జలుబు గురించి అడిగాను.

"జలుబా? మీకెట్ల తెలుసు సిస్టరమ్మా?"

"ఎప్పుడు మొదలైంది?"

"ఈస్టర్ ఆదివారం. గుడిలో ప్రార్థనకు తల వంచినాడు, ముక్కులోంచి నీళ్లు కారినాయి. జలుబు మాదిరి గాదు, కొళాయి సరిగ్గా కట్టకపోతే కారినట్ల బొట్టు బొట్టు. పాటల పుస్తకం తడిసిపోయింది. తల ఎత్తితే నిలబడె, వంచితే కారె."

ఈస్టర్ ఏప్రిల్ 12. కుళ్లాయప్ప కర్ర లేచింది 14న. దెబ్బ ఇంకా పడనే లేదు, నీళ్లు మాత్రం కారాయి.

"అంతకు ముందు రోజు యాడికి పోయినాడు?"

"శనివారం మద్యాన్నం చెన్నకేశవన్న పిలిపిచ్చినాడని బావతో కల్సి ఫ్యాక్టరీకి పోయినాడు. దీపాలు పెట్టేయాళ బావ పట్టుకోనొచ్చి పండబెట్టినాడు. వాంతులు. ఎండదెబ్బ అన్నారు. పొద్దన లేస్తే రెండు కండ్ల చుట్టూ నల్లగ. నల్లద్దాలు పెట్టుకోని గుడికి వస్తే అందరూ నగినారు, ఏం దాసయ్యా సినిమాకు పోతాండావా అని." ఆమె చూపు పొయ్యి మీదికి పోయింది. "జలుబుకని పసుపుకొమ్ము కాల్చి నేనే పొగ పట్టిచ్చినా. చీదు, బాగా చీదు అని నేనే అంటి."

పాటల పుస్తకం తెమ్మన్నాను. తడిసిన పేజీ ఉబ్బి, ఎండి, ముడతలు పడి ఉంది. ఆ పేజీలోనే అతని చేతిరుమాలు మడిచి పెట్టి ఉంది. అతని వస్తువని వరమ్మ ఉతకలేదు.

వేళ్లతో నలిపి చూశాను. జలుబు చీమిడి ఆరితే గుడ్డ గంజిపెట్టినట్టు బిగుసుకుంటుంది. ఇది మెత్తగానే ఉంది. నాకు నర్సు పాఠాలు చెప్పిన మేట్రను అరవయ్యేడులో వార్డులో నేర్పిన పరీక్ష ఇది. దీనికి మిషను అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు.

వరమ్మకు చెప్పాను. మెదడు చుట్టూ తేటనీళ్లుంటాయి. నుదుటికి బలమైన దెబ్బ తగిలి ముక్కు పైకప్పు చిట్లితే ఆ నీళ్లు ముక్కులోకి దిగుతాయి. నీళ్లు బయటికొచ్చే దారినే క్రిములు లోపలికి పోతాయి. ఎనిమిదో రోజో పదో రోజో జ్వరం, తలనొప్పి, మెడ బిగుసుకోవడం, ఆ తర్వాత మతి తప్పడం. ముందే ఆస్పత్రిలో పడుకోబెట్టి మందులిస్తే చాలామంది బతుకుతారు.

"నేను పొగ పట్టిచ్చినందుకేనా?" అంది వరమ్మ.

"కాదు. నీకు ఎండదెబ్బ అని చెప్పినోళ్లు నిజం చెప్పనందుకు."

వరమ్మ రుమాలును మళ్లీ మడిచింది. చెన్నకేశవ అంగన్‌వాడీలో ఆయా పని ఇప్పిస్తానన్నాడని, కేసు నిలబడితేనే ఇప్పిస్తాడని చెప్పింది. తర్వాత రుమాలును పుస్తకంతో సహా నా చేతిలో పెట్టింది.

"నా పిల్లోళ్లకు నాయన లేకుండా పాయె. ఆ గొల్లామె పిల్లోళ్లకు కూడా లేకుండా పోతే నాకేమొస్తాది? తీసుకపో సిస్టరమ్మా. బిన్నె పో, నా మనసు మారకముందే."

పన్నెండున్నరకు పులివెందుల రోడ్డులో చెన్నకేశవ బండల ఫ్యాక్టరీ ముందు దిగాను. గేటు దగ్గర జీపు, జీపుకు ఆనుకుని హుమాయున్. తెల్లచొక్కా, చెవిలో అత్తరు దూది.

"ఏంది సిస్టరమ్మా, ఈ ఎండలో యాడికి?"

"నీ చేతిరాత యాడ మొదలైందో చూసేదానికి. సదరు, మోదినాడు. పాలయ్య నోట్లో ఆ మాటలు పెట్టేదానికి ఎన్ని పూటలు పట్టింది హుమాయున్?"

"మూడు," అన్నాడు సిగ్గులేకుండా. "మొద్దు నాయాలు. లోపల నీకేం పని? పర్మిషన్ లేదు."

"మంగళవారం పదకొండుంబావుకు కొడితే పన్నెండూ పదికి కండ్ల చుట్టూ పచ్చబడతాదా?"

"డాక్టరేమన్నా గుడ్డలకు రంగులేసే రంగ్రేజా, రంగు చూసి దినాలు లెక్కపెట్టేదానికి? కోర్టులో నేనొక్క ప్రశ్న అడిగిస్తా, ఆ పచ్చ మొగానికి పూసుకున్న పసుపైపోతాది."

"మూడో లైను చదివినావా, లేదా?"

అతను చదవలేదు. ముఖంలో తెలిసిపోయింది. ముప్పై ఏళ్లు కాగితాలు రాసినవాడు కాగితం చదవలేదంటే ఎంత చిన్నతనమో నాకు తెలుసు, అందుకే దాని మీద ఇంకొంచెం తొక్కాను. "నీకు పైల్స్ ఆపరేషన్‌కు ముందు ఎనీమా ఇచ్చిన చెయ్యి ఇది. నన్ను గేటు కాడ ఆపల్లని చూడొద్దు. లోపల ఏం లేదంటే నీకు భయమెందుకు?"

"భయమా? నాకా?" హుమాయున్ గేటు తోశాడు. "చూసుకో. రాళ్లు తప్ప ఏముండాయి ఈడ? అర్ధగంట."

అన్నం వేళ కావడంతో కోత మిషను ఆగి ఉంది. కూలీలు ముందువైపు రేకుల కింద తింటున్నారు. హుమాయున్ నా వెంటే రాగా వెనక షెడ్డులోకి వెళ్లాను, అక్కడ ఎవరూ లేరు. నేలంతా బండలు కోసిన తెల్లబురద ఎండి పిండిలా ఉంది, దాని మీద అడుగుల జాడలు. ఒక మూలకు మాత్రం కొత్త అడుగు జాడ ఒక్కటి కూడా వెళ్లలేదు. మనుషులు ఒక చోటును తప్పించుకుని నడుస్తున్నారంటే నేను ముందు అక్కడికే వెళ్తాను.

ఆ మూల గోడకు ఒక పెద్ద బండ ఆనించి ఉంది. దాని కింద రెండు చేతులా పట్టుకునేంత గుండ్రాయి, ఆ రాయి మీద నాలుగు మడతలు పెట్టిన తువ్వాల. చచ్చినవాడి వస్తువని కూలీలు ముట్టుకోకుండా వదిలేశారు. ముట్టుకుని పారేసి ఉంటే నాకు ఏమీ మిగిలేది కాదు.

తువ్వాల విప్పాను. మధ్యలో ముదురు నెత్తురు మరక, దాని చుట్టూ వెడల్పుగా లేతరంగు వలయం. ఉత్త నెత్తురైతే మరక ఒక్కటే ఉంటుంది. నెత్తురులో తేటనీళ్లు కలిస్తే నెత్తురు నడుమ ఆగిపోతుంది, నీళ్లు ఇంకా దూరం పాకుతాయి. ఇదొక్కటే కోర్టులో నిలవదు, చెమటో మంచినీళ్లో అనగలరు. కానీ శనివారం మధ్యాహ్నం దాసయ్య ఇక్కడ ఉన్నాడనడానికి నాకు ఇంతకంటే అక్కర్లేదు.

"పోయినేడు నీ కౌంటర్ కేసు ఎందుకు కొట్టేసినారు?" అని అడిగాను.

హుమాయున్ మొహం మాడ్చుకున్నాడు. "గుర్తుచేయొద్దు. కర్రతో కొట్టినారని రాసినా. డాక్టరు బోనెక్కి ఇది బ్లేడు గాటు అన్నాడు."

ఈ సీమలో కౌంటర్ కేసంటే తెలియనివాళ్లు లేరు. అవతలి పార్టీవాళ్లు మన మీద కేసు పెడితే మనం వాళ్ల మీద ఒకటి పెట్టాలి. అందుకు గాయం కావాలి. గాయం లేకపోతే చేసుకోవాలి. పార్టీలో వంతులుంటాయి, ఈసారి నీ తల, మరోసారి నా తల. మామూలుగా వెంట్రుకల్లో బ్లేడుతో గీస్తే నెత్తురు చిల్లుకుండలా కారుతుంది, ప్రాణానికి ఏమీ కాదు. పోయినేడు ఆ ఉపాయం పట్టుబడింది.

"అందుకని ఈసారి బ్లేడు వద్దనుకున్నారు," అన్నాను. "8వ తేదీ కేసుకు కౌంటర్ కావల్ల. చర్మం తెగకూడదు, కర్ర దెబ్బ మాదిరి బొప్పి కట్టల్ల. తువ్వాల తడిపి నాలుగు మడతలు నుదుటి మీద పెట్టి, పైన గుండ్రాయి. తల్లో ఏమయితాదో ఒక్కనికీ తెలీదు. మనిషి కూలబడి ముక్కులో నెత్తురొచ్చేసరికి భయపడి ఆస్పత్రి మానుకున్నారు. డాక్టరు ఎట్లయిందని అడుగుతాడు గదా. మూడు దినాలకు కుళ్లాయప్ప కర్ర ఎత్తినాడు. అయాచితంగా దొరికినాడు."

హుమాయున్ రాయి వైపు చూశాడు, తువ్వాల వైపు చూశాడు. "నాకు చెప్పలే," అన్నాడు. "నాగ్గూడా చెప్పలే. అబద్దం రాసేటోనికి నిజం చెప్పొద్దా? ఎంత మోసం!"

నాకు నవ్వొచ్చేదే, కానీ అప్పుడే గోడకు ఆనించిన బండ మీద ఇంకో మరక కనిపించింది. మోకాళ్ల మీద నిలబడిన మనిషి నుదుటి ఎత్తులో ఉంది. తువ్వాల మీది మరకకంటే బాగా కొత్తది. ఒక రాతి దగ్గర రెండు నెత్తుర్లు.

"అది నాది," అన్నారెవరో వెనకనుంచి.

పాలయ్య షెడ్డు నీడలో నిలబడి ఉన్నాడు. హుమాయున్ నోరు తెరవబోతే చేతితో ఆపాను.

"రాయి పట్టుకున్నదెవురు నాయనా?"

"నేనే." గొంతులో ఏ ఎగుడుదిగుడూ లేదు. "అయినోళ్లే కొట్టల్ల సిస్టరమ్మా. పరాయోడైతే పాత కసి పెట్టుకోని కొడతాడు. అయినోని చెయ్యి మెత్తగ పడతాదని పెద్దోళ్ల కట్టుబాటు. మొదటిది మెత్తగనే వేసినా. బొప్పి రాలే. చెన్నకేశవన్న నగినాడు, తమ్మునికి తల నిమురుతాండావా అని. మావాడు గూడా నగినాడు. గట్టిగ వెయ్యన్నా, మళ్ల మళ్ల పడుకోలేను అన్యాడు." గుండ్రాయి వైపు చేయి చూపాడు. "రెండోది వేసినా."

హుమాయున్ చెవిలోని దూది తీసి చేతిలో నలుపుతున్నాడు.

"మట్టిచేసినాక నేరుగా ఈడికే వచ్చినా," అన్నాడు పాలయ్య. "ఏ రాతి కాడ కొట్టినానో ఆ రాతికే కొట్టుకున్నా. ఎన్నిసార్లో తెలీదు. నేను చావలే."

సంచిలోంచి కాగితం, పెన్ను తీశాను. "ఇదంతా రాసి సంతకం పెడితే కుళ్లాయప్ప సోమవారం బయటికొస్తాడు. అతని కోసం కాచుకోని ఉండే కత్తులూ ఆగుతాయి. తమ్ముని దెబ్బ ఎవురిదో వాళ్లకు తెలియల్ల గదా."

"రాస్తా. రాయకుంటే నిద్ర పట్టేట్టు లేదు. నిన్నటినించి తల పగిలిపోతాంది."

బండ మీద కాగితం పరిచాను. పాలయ్య వంగి రాయడం మొదలుపెట్టాడు. ఏప్రిల్ పదకొండో తేదీ శనివారం మద్యాన్నం అని రాశాడు. నేను పాలయ్య అని రాశాడు. అప్పుడు కాగితం మీద ఒక బొట్టు పడింది.

ఏడుస్తున్నాడనుకున్నాను. కళ్లు చూశాను, పొడిగా ఉన్నాయి. ఇంకో బొట్టు ముక్కు కొస నుంచి జారి సిరా మీద పడింది, అక్షరాలు అలుక్కున్నాయి. తేటనీళ్లు.

ఉదయం అతని ముందు కూర్చుని ఈ నీళ్లనే చూశాను. కన్నీళ్లనుకుని ముఖం తిప్పుకున్నాను. నుదుటి గుడ్డ చూశాను, వెలుగుకు వీపు పెట్టి కూర్చోవడం చూశాను, గోడ పట్టుకుని దిగడం చూశాను. అతను వెళ్లాక వరమ్మకు ఈ జబ్బు లక్షణాలన్నీ ఒక్కొక్కటే వివరించాను. ఇరవై ఎనిమిదేళ్ల నర్సు ఉద్యోగం ఎందుకు, తగలెయ్యనా?

తల మీది తువ్వాల లాగి కొస నలిపాను. మెత్తగా ఉంది. నుదుటి మీద చేయి పెట్టాను, కాలుతోంది.

"గడ్డం రొమ్ముకు ఆనించు."

ప్రయత్నించాడు. మెడ వంగలేదు. పళ్లు బిగించి మూలిగాడు.

"పెన్ను ఇయ్యి," అన్నాను.

"సంతకం..."

"ఇయ్యి అంటాండాగదా!"

సంతకం లేని కాగితం కోర్టులో చిత్తుకాగితం. చిన్నసుబ్బమ్మ ముఖం కళ్ల ముందు కదిలింది. ఇంకో పది నిమిషాలు ఆగితే రాసేవాడే. కానీ దాసయ్యకు జ్వరం వచ్చాక మూడే రోజులు దొరికాయి. పాలయ్య తల కొట్టుకుని ఇది ఏడో రోజు, తలనొప్పి నిన్ననే మొదలైంది. పది నిమిషాలు ఎక్కడా మిగల్లేదు. పెన్ను లాక్కుని సంచిలో వేశాను.

"హుమాయున్, జీపు తియ్యి. పులివెందుల్లో మొదటి ఇంజెక్షన్ పడల్ల, ఆడినించి కడపకు."

"ఆస్పత్రి వద్దు," అన్నాడు పాలయ్య. "ఎట్లయిందని అడుగుతారు."

"అడగనీ. చెప్పు. డాక్టరు అడిగి రిజిస్టర్లో రాసుకుంటే నా కాగితం కంటే గట్టిది. తెలివి ఉన్నప్పుడే చెప్పు, నీ ప్రాణం, కుళ్లాయప్ప ప్రాణం రెండూ నిలబడతాయి."

హుమాయున్ కదలలేదు. చెన్నకేశవ కేసులతో బతికే మనిషి, చెన్నకేశవ గేటులోంచి చెన్నకేశవ సాక్షిని తీసుకుపోవాలి. ఒక్క క్షణం అతన్ని చూసి జాలిపడ్డాను. తర్వాత పాలయ్య చంక కింద చేయివేసి నేనే లేపబోయాను. రెండో చంక కింద హుమాయున్ చేయి వచ్చింది.

ఒంటిగంటా ఐదుకు జీపు గేటు దాటింది. ఎదురుగా చెన్నకేశవ సుమో వచ్చి పక్కనుంచి లోపలికి తిరిగింది. ఫర్లాంగు పోయామో లేదో, అది మళ్లీ రోడ్డెక్కడం అద్దంలో కనిపించింది.

వెనక సీట్లో పాలయ్య తల నా ఒళ్లో ఉంది. ఎండ పడకుండా కళ్ల మీద తువ్వాల కప్పాను. ముక్కులోంచి నీళ్లు నా చీర మీద పడుతున్నాయి.

"పాలయ్యా, నేనెవురు?"

"సిస్టరమ్మ."

"ఇది ఏ వారం?"

అతని చేయి గాలిలో దేనికోసమో తడుముకుంది. నా కొంగు దొరికితే పట్టుకుని, జాగ్రత్తగా, ఒకటి, రెండు, మూడు, నాలుగు మడతలు పెట్టాడు.

"దాసూ," అన్నాడు చాలా మెల్లగా. "తువ్వాల తడిపినావా నాయనా? తడిపితే నొప్పి తెలీదంట. చెన్నకేశవన్న చెప్పినాడు. కండ్లు మూసుకో. ఈతూరి గట్టిగ వేస్తా, ఇంగ మళ్ల వెయ్యను."

మతి తప్పింది. డాక్టరు ఎట్లయిందని అడిగినా ఇక ఈ మనిషి చెప్పలేడు. నా సంచిలో ఉన్నది తడిసిన ఒకటిన్నర వాక్యం. షెడ్డులో అతను చెప్పింది విన్నది ఇద్దరమే, అందులో ముద్దాయి తరఫున తిరిగే నా మాట కోర్టు వినదు.

హుమాయున్ జీపు నెమ్మది చేశాడు. వెనక సుమో హారన్ కొడుతోంది, ఆపమని కిటికీలోంచి ఎవరిదో చేయి ఊగుతోంది. అతను అద్దంలో ఆ చేయిని చూశాడు. తర్వాత అద్దంలోనే నన్ను చూశాడు.

"నేను విన్నా సిస్టరమ్మా," అని గేరు మార్చి జీపు వేగం పెంచాడు.